ఇరవయ్యారు మెట్లు, నలభై ఒక్క ప్రశ్నలు

మా కొంగలపాడు ఆరోగ్య కేంద్రంలో మోకాళ్ళ నొప్పులకి వైద్యం మేడ మీద చేస్తారు. ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. కింద ఖాళీ లేదు మరి. కింద ఉన్నవి నాలుగు గదులు. ఒకదాంట్లో డాక్టరుగారు కూర్చుంటారు. ఒకదాంట్లో మందులుంటాయి. మూడో గదిలో నడవలేనివాళ్ళ కోసం పంపించిన చక్రాల కుర్చీలు, చేతికర్రలు పైకప్పు దాకా పేర్చి ఉంటాయి. నాలుగోది లిఫ్టు గది. లిఫ్టు ఇంకా రాలేదు, గది మాత్రం వచ్చింది. రేపు నిజంగానే లిఫ్టు వచ్చేస్తే ఎక్కడ పెట్టాలని దానికి తాళం వేసి ఉంచారు. అందువల్ల మోకాళ్ళు మేడెక్కాయి.

నా పేరు సువార్తమ్మ. ఇక్కడ ఇరవై ఎనిమిదేళ్ళుగా నర్సుని. ఊరందరికీ సిస్టరమ్మని. నాకు నోరెక్కువని మా ఆయన అంటాడు, ఆయన మాటకేం గానీ, జరిగింది జరిగినట్టు చెప్తాను. మేడకి ఇరవయ్యారు మెట్లు. రోజుకి పదిసార్లు ఎక్కి దిగితే యాభై నాలుగేళ్ళ మనిషి మోకాళ్ళు ఎట్టా ఉంటాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. నావి పలుకుతాయి. ఎక్కేటప్పుడు ఒక పలుకు, దిగేటప్పుడు ఇంకో పలుకు.

పథకం పేరు ‘మోకాలి మిత్ర’. నన్ను గుంటూరు పిలిపించి మూడు రోజులు శిక్షణ ఇచ్చారు. అందులో బ్రహ్మవిద్యేం లేదు. వేడినీళ్ళ సంచితో కాపడం పెట్టాలి. చీలమండకి ఇసక సంచి కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, కాలు చాపి పైకెత్తించి పది లెక్కపెట్టాలి. వారానికి మూడు రోజుల చొప్పున ఆరు వారాలు. అంతే. చిత్రంగా, శ్రద్ధగా చేస్తే నిజంగానే పనిచేస్తుంది.

మొదటి విడతలో ఎనభై నాలుగు మంది వచ్చారు. ఎనభై నాలుగు మందీ బాగుపడ్డారు. బాగుపడక ఏం చేస్తారు? ఇరవయ్యారు మెట్లు ఎక్కి వైద్యానికి రాగలిగిన మోకాళ్ళు అసలు ఏం చెడిపోయాయి కనక! నిజంగా చెడిపోయినవాళ్ళు కింద మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయి, పైకి ఒకసారి చూసి, వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయారు.

వాళ్ళలో రవణమ్మ ఒకతి. బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ఇరవై ఏళ్ళు పొయ్యి ముందు గొంతుక్కూర్చుని నూట పదిమంది పిల్లలకి అన్నం వార్చిన మోకాళ్ళవి. మొదటిరోజు మూడో మెట్టు దాకా వచ్చి, అక్కడే కూలబడిపోయింది. నేను పైనుంచి దిగి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

“సిస్టరమ్మా, నేను పైకి రాలేను గానీ, ఆ వైద్యమేదో కిందికి రాదా?” అంది.

“రాదు రవణమ్మా. అది గవర్నమెంటు వైద్యం.”

“మరి నా సంగతేంటి? బడి కమిటీవాళ్ళు గట్టిగా చెప్పేశారు. వేసవి సెలవులైపోయి బడి తెరిచేనాటికి పొయ్యి దగ్గర కూర్చుని లేవగలిగితే సరే, లేకపోతే వేరే మనిషిని పెట్టుకుంటారంట.” కాసేపు మెట్టు మీద గోటితో గీస్తూ కూర్చుంది. “ఇంకో మనిషి వండితే ఆ పిల్లలు తినరమ్మా. రెండో తరగతి పిల్లకి ఒకదానికి కారం గిట్టదు, దాని పప్పు నేను ముందే వేరే తీస్తాను. అది ఎవరికి తెలుసు?”

ఏదో ఒకటి చేద్దాంలే అన్నాను. ఏం చేస్తానో నాకూ తెలియదు.

ఈలోగా ఎనభై నాలుగుకి ఎనభై నాలుగన్న మాట రాజధాని చేరింది. అక్కడెవరో బుద్ధిమంతులున్నట్టున్నారు. ‘వచ్చినవాళ్ళు బాగుపడ్డారు సరే, రానివాళ్ళతో పోలిస్తే ఎంత బాగుపడ్డారు? వచ్చినవాళ్ళు మొదటినుంచే వేరే రకం మనుషులు కాదని ఏమిటి నమ్మకం?’ అని అడిగారు. ఎంత మంచి ప్రశ్న! నేను చదివి సంతోషపడ్డాను. అబ్బ, మెట్ల సంగతి ఇప్పుడు బయటపడుతుంది అనుకున్నాను.

బయటపెట్టడానికి డాక్టర్ పరాంకుశంగారు వచ్చారు. మూల్యాంకన విభాగం సంయుక్త సంచాలకులు. చేతిలో ల్యాప్‌టాప్, మెడలో రెండు గుర్తింపు కార్డులు. మేడ మీద గదిలో మా డాక్టరుగారినీ నన్నూ కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టారు. మా డాక్టరుగారు శశికళగారు మంచి మనిషే, కాకపోతే బదిలీ కోసం ఎదురుచూస్తున్నారు. అందుకని దేనికైనా “చూద్దాం సార్” అంటారు.

“ఎవరికి చికిత్స, ఎవరికి కాదు అని ఆదిలోనే చీట్లు వేసి నిర్ణయించి ఉన్నట్లయితే ఈ చిక్కు ఉత్పన్నమయ్యేది కాదు,” అన్నారు పరాంకుశంగారు. “అట్లు జరగలేదు. ఇష్టమైనవారు వచ్చారు, కానివారు రాలేదు. కనుక పోలికలో పక్షపాతం ప్రవేశించింది. దానిని పరిహరించుటకే మొగ్గు అంకె.”

“అంటే ఏంటి సార్?” అన్నాను.

“ప్రతి వ్యక్తీ చికిత్సకు వచ్చేందుకు ఎంత మొగ్గు కలిగి ఉన్నదీ సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకెగా తీస్తాము. ఒకే అంకె గల ఇద్దరిలో ఒకరు వచ్చి, మరొకరు రాకపోయినట్లయితే, వారు జోడీ. ఆ ఇద్దరినీ పక్కపక్కన నిలిపి చూసిన యెడల చికిత్స మహిమ నిగ్గు తేలుతుంది.”

నిజం చెప్పొద్దూ, నాకు నచ్చింది. ఉన్నంతలో మంచి ఉపాయమే. చిక్కల్లా ఆ అంకె దేంట్లోంచి తీస్తారన్న దగ్గరుంది. ఆయన నలభై ఒక్క ప్రశ్నల పత్రం బయటికి తీశారు. వయసు, బరువు, పిల్లలెందరు, ఇంటి పైకప్పు పెంకా రేకా డాబానా, గేదెలు దూడలతో సహా ఎన్ని, పేపరు చదువుతారా, ఏడాదిలో తీర్థయాత్రకి వెళ్ళారా, వక్కపొడి అలవాటుందా. మోకాలి నొప్పి గురించి కూడా ఒక ప్రశ్న ఉంది. ఉంది, లేదు అని రెండు గళ్ళు. ముందునుంచి చివరికి, చివరినుంచి ముందుకి రెండుసార్లు వెతికాను.

“సార్, మెట్లెక్కగలరా అన్న ప్రశ్న లేదండీ.”

“మెట్లు చలరాశి కాదమ్మా. మౌలిక వసతి. అది ఇంజనీరింగు శాఖ పరిధి.”

“అది కాదండీ. మెట్లెక్కగలిగినవాళ్ళే వచ్చారు. ఎక్కలేనివాళ్ళు రాలేదు. అసలు మొగ్గంతా అక్కడే ఉంది కదండీ?”

ఆయన నావైపు జాలిగా చూశారు. “అమ్మా, మీరు చెప్పినది నాకు తెలియదనుకున్నారా? ఆ ప్రశ్న వేసినామే అనుకోండి. ఎక్కగలవారందరికీ ఒకటి వస్తుంది. ఎక్కలేనివారందరికీ సున్నా వస్తుంది. ఒకటికీ సున్నాకూ జోడీ కుదరదు. జోడీలు లేనిదే అధ్యయనం లేదు. అధ్యయనం ఉండి తీరాలని ఉత్తర్వులున్నాయి. కనుక ఆ ప్రశ్న ఉండదు.”

“చూద్దాం సార్,” అన్నారు మా డాక్టరుగారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆయన ఊళ్ళోకి బయల్దేరారు. రవణమ్మ ఇంటికీ వెళ్ళాం. ఇల్లంటే ఒకటే ఇల్లు, మధ్యలో గోడ. అటు రవణమ్మ, ఇటు ఆమె తోటికోడలు సౌభాగ్యం. అన్నదమ్ములిద్దరికీ ఒకే పందిట్లో పెళ్ళి చేశారు. ఇద్దరిదీ ఒకే ఈడు, నా ఈడే, ఒకే పెంకులు, ఇద్దరికీ చెరో ఇద్దరు పిల్లలు, చెరో రెండు గేదెలు. తీర్థయాత్రకి పోయినా ఒకే ఆటోలో పోతారు. సౌభాగ్యానికి వానాకాలంలో కాస్త మోకాలు లాగితే టకటకా మెట్లెక్కి మా దగ్గర ఆరు వారాలు చేయించుకుని వెళ్ళింది.

పరాంకుశంగారు ఇద్దర్నీ మంచం మీద పక్కపక్కన కూర్చోబెట్టి అడుగుతుంటే, ఒకరు చెప్పిన జవాబే ఇంకొకరూ చెబుతున్నారు. ఆయన మొహం వెలిగిపోతోంది. నొప్పి దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ “ఉందయ్యా” అన్నారు.

“కాకపోతే దానిది వానాకాలం నొప్పయ్యా,” అంది రవణమ్మ. “నాది పన్నెండు నెలల నొప్పి.”

“రెండునూ ‘ఉంది’ కిందికే వస్తాయమ్మా.”

మీట నొక్కారు. ఇద్దరికీ సున్నా పాయింటు అరవై రెండు. ఆయన లేచి నిలబడిపోయారు. “ఇరవై మూడు జిల్లాలు తిరిగాను. ఇంత అచ్చమైన జోడీ నాకు తగల్లేదు!” అని ఇద్దరికీ నమస్కారం పెట్టారు. సౌభాగ్యం కంగారుపడి తిరిగి దణ్ణం పెట్టింది.

వారంలో జోడీల జాబితా అచ్చయి వచ్చింది. నోటీసు బోర్డుకి అంటించగానే ఊరు ఊరంతా దిగింది. జాతకాల పొంతన వాళ్ళకి కొత్తా ఏమన్నా! “మాకు ఎంత కుదిరింది?” అని అడిగేవాళ్ళు అడుగుతున్నారు. వడ్రంగి వీరభద్రానికి ఇరవై ఏళ్ళుగా మాటల్లేని బావమరిదితో జోడీ పడింది. ఇద్దరూ బోర్డుకి అటొకరు ఇటొకరు నిలబడి నన్ను తిట్టారు.

జోడీ దొరకనివాళ్ళ తంటా ఇంకొకటి. డ్రిల్లు మాస్టారు పాపయ్యగారికి ఎనిమిది గేదెలు, రెండు పేపర్లు, మూడు తీర్థయాత్రలు. ఆయన అంకెతో మండలంలో ఎవరి అంకె కూడా కలవలేదు. ‘తమరికి సరిసమానులు లభ్యం కానందున తమరి మోకాలు లెక్కలో నుంచి తొలగించడమైనది’ అని ఉత్తరం వచ్చింది. ఆయన మొదట మెట్లెక్కి వచ్చి చిందులు తొక్కారు. “నా మోకాలు బాగైంది! కావాలంటే చూడండి!” అని నా ముందు పది గుంజీలు తీశారు. తర్వాత ఉత్తరం ఇంకోసారి చదువుకుని, సరిసమానులు లేరన్న ముక్క దగ్గర ఆగి, మెత్తబడ్డారు. ఇప్పుడది వాళ్ళ వసారాలో ఫ్రేము కట్టించి ఉంది.

అక్కడితో ఆగితే బాగుండేది. జోడీలు కుదిరాక వాటిని కాపాడాలి కదా. ‘జోడీ పరిరక్షణ ఉత్తర్వులు’ వచ్చాయి. రెండో సర్వే ముగిసేదాకా జోడీలో ఎవరూ నలభై ఒక్క అంశాల్లో దేన్నీ మార్చుకోకూడదు. రేకులు తీసి డాబా వేయకూడదు. వక్కపొడి మానకూడదు. ఈ సంగతి సౌభాగ్యం గేదెకి తెలియదు పాపం, అది ఈనింది. గేదెలు దూడలతో సహా మూడయ్యాయి. అంకె సున్నా పాయింటు అరవై నాలుగైంది.

ఫోను చేస్తే పరాంకుశంగారు హడలిపోయారు. “దూడను తక్షణం అధ్యయన పరిధి వెలుపలకు తరలించండి!”

“పాలు తాగే దూడండీ. తల్లి దగ్గరుండొద్దా?”

“పాలు తాగు సమయంలో వెళ్ళి రావచ్చు. నివాసం మాత్రం మారాలి.”

ఎవరింట్లో కట్టేస్తాం? జాబితాలో లేనిది నా ఒక్కదాని ఇల్లే. మాకో గేదె ఉంది. దాని పక్కన ఇంకో గుంజ పాతి దూడని కట్టేశాను. రోజుకి రెండుపూట్లా దాన్ని పాలకి తోలుకెళ్ళి, తోలుకొచ్చి, నా మోకాళ్ళ పలుకు కాస్తా కచేరీ అయింది.

ఆ ఉత్తర్వుల్లో ఇంకో పేజీ ఉంది. వైద్యం అందనివాళ్ళు లెక్క తేలేవరకూ అందనట్టే ఉండాలి. దానికి వాళ్ళతో ఒప్పుకోలు పత్రం రాయించుకోవాలి. నేనే తీసుకెళ్ళి రవణమ్మకి చదివి వినిపించాను. ‘అధ్యయన ప్రయోజనార్థం, ఫలితాలు వెలువడువరకు, నా మోకాలి పరిస్థితిలో మెరుగుదలకు ప్రయత్నించనని ఇందుమూలముగా ఒప్పుకొనుచున్నాను.’

“బాగుపడనని సంతకం పెట్టాలా?” అంది రవణమ్మ.

“పెట్టకపోతే వచ్చే విడతలో కూడా పేరు తీసేస్తామన్నారు.”

గోడవతల నుంచి సౌభాగ్యం వచ్చింది. “నాకు చేసింది చాలు సిస్టరమ్మా, నన్ను తీసేసి అక్కని పెట్టుకోండి. మా ఆయనా బావగారూ కుర్చీతో సహా మోసుకొచ్చి పైన దించుతారు.” నేను అదీ రాసి పంపించాను. ఎవరో మోసుకొచ్చినవారు స్వయంగా వచ్చినవారు కారని జవాబొచ్చింది. పోనీ లిఫ్టు గదిలో పెడతాం అని రాశాను. అధ్యయన కాలంలో చికిత్సాస్థలం మార్చరాదన్నారు.

రవణమ్మ పత్రం మీద సంతకం పెట్టింది. పెట్టి, పెన్ను నాకిచ్చి, “బడి జూన్ పన్నెండున తెరుస్తారు సిస్టరమ్మా,” అంది. తిట్టినా బాగుండేది నన్ను.

ఆ రోజు ఒళ్ళు మండిపోయింది నాకు. ఒక మనిషి కుంటుతూ ఉంటే గానీ ఇంకో మనిషి బాగుపడిందని వీళ్ళకి రుజువు కాదా? మర్నాడు మా కేంద్రంలోంచి ఒక ఇసక సంచి మాయమైంది. నా క్యారేజీ కింద గిన్నెలో సరిగ్గా పట్టింది. రిజిస్టర్లో ‘దోమల సర్వే’ అని రాసి రవణమ్మ ఇంటికి వెళ్ళాను.

ఏప్రిల్ సగం నుంచి మే నెలాఖరు దాకా కొంగలపాడులో దోమల మీద జరిగినంత సర్వే దేశంలో ఎక్కడా జరిగుండదు. వారానికి మూడు రోజులు. గొడ్లచావిడిలో కుర్చీ వేసి, చీలమండకి సంచి కట్టి, “ఎత్తు, ఆపు, ఒకటి, రెండు...” మొదట్లో నాలుగు దాటేసరికి రవణమ్మ కళ్ళమ్మట నీళ్ళు కారిపోయేవి. “ఆపమంటావా?” అంటే, “నువ్వు లెక్కపెట్టు,” అనేది పళ్ళు బిగపట్టి. సౌభాగ్యం కాపడానికి నీళ్ళు కాచిచ్చి, వీధి గుమ్మంలో కాపలా కూర్చునేది. మూడో వారానికి పది లెక్క వచ్చింది. అయిదో వారం ఒకరోజు నేను వెళ్ళేసరికి రవణమ్మ గొంతుక్కూర్చుని గేదె పాలు పితుకుతోంది. నన్ను చూసి, చెంబుతో సహా, దేన్నీ ఆనుకోకుండా లేచి నిలబడింది. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ నవ్వుతోంది.

జూన్ మూడున పరాంకుశంగారు రెండో సర్వేకి వస్తున్నారని తెలిసింది. రవణమ్మకి వెయ్యిసార్లు చెప్పాను. మంచం దిగొద్దు. మూలుగు. ఏమడిగినా ‘అట్టాగే ఉందయ్యా’ అను. పాపం బాగానే మూలిగింది. ఇరవై ప్రశ్నల దాకా చక్కగా జరిగింది. ఇరవై ఒకటో ప్రశ్న దగ్గర ఆయన పెన్ను జారి మంచం కిందికి దొర్లింది.

“అయ్యో, ఉండయ్యా,” అని రవణమ్మ చటుక్కున దిగి, గొంతుక్కూర్చుని, వంగి, పెన్ను తీసి, లేచి ఆయన చేతికిచ్చింది. ఇరవై ఏళ్ళు పిల్లల పలకలూ బలపాలూ ఏరి ఇచ్చిన చెయ్యి. ఆగుతుందా?

ఆయన పెన్ను వంక చూశారు. రవణమ్మ మోకాళ్ళ వంక చూశారు. నేను గేదెల వంక చూశాను.

అయిదోనాటికి నాకు మెమో వచ్చింది. ‘తులనాత్మక సభ్యురాలు శ్రీమతి రవణమ్మ అనుమతి లేకుండా బాగుపడినట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. దీనివలన రాష్ట్రంలోకెల్లా శ్రేష్ఠమైన జోడీలో వ్యత్యాసం సున్నా అయినది. సదరు మోకాలిని జూన్ పదవ తేదీలోగా యథాస్థితికి తీసుకురావలసినదిగా మిమ్ములను ఆదేశించడమైనది. విఫలమైన పక్షంలో శాఖాపరమైన చర్య తీసుకొనబడును.’

డాక్టరుగారికి చూపించాను. “యథాస్థితికంటే ఎట్టాగమ్మా, సుత్తి పెట్టి కొట్టాలా?” అన్నారు ఆవిడ. అన్నాక, తనేం అన్నారో గుర్తొచ్చినట్టు, “చూద్దాం,” అన్నారు.

పదో తారీకున మేడ మీద విచారణ. బల్లకి అటు పరాంకుశంగారు, ఇటు నేను, పక్కన డాక్టరుగారు. బల్ల మీద నా క్యారేజీ. అందులో ఇసక రాలిందట. ఎవరు చూశారో ఏమో.

“ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసున్న మీరు ఇట్టి కార్యానికి పాల్పడతారని ఊహించలేదు,” అన్నారాయన. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. “ఆమెకు ఎవరు చికిత్స చేసినారు? మీరే అయినచో ఆమె ఇకముందు ఏ విడతకూ అర్హురాలు కాదు. ఎవరునూ చేయనిచో, చికిత్స లేకయే మోకాళ్ళు బాగుపడునని తేలి పథకమే రద్దగును. ఏది రాయమంటారు?”

ఏది రాసినా ఎవరో ఒకరు కింద మెట్టు దగ్గరే మిగిలిపోతారు. పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు మెట్ల మీద చప్పుడు వినిపించింది. తొందర లేదు, ఆగడమూ లేదు. ఒక్కొక్క మెట్టూ ఎక్కి వస్తున్నారు ఎవరో. నాకు తెలియకుండానే లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పద్ధెనిమిది దగ్గర కాస్త నిలిచింది. మళ్ళీ మొదలైంది. ఇరవయ్యారు.

రవణమ్మ గుమ్మంలో నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. “ఇక్కడా మీరు చేసే వైద్యం? గాలి బాగుంది,” అంది గదంతా చూసి.

“అమ్మా, మీరు... పైకి... ఎట్లు వచ్చినారు?” అన్నారు పరాంకుశంగారు.

“ఎట్టా ఏంటయ్యా, మెట్లెక్కి. ఎవరూ మోసుకురాలా. నా అంతట నేనే వచ్చా.” కుర్చీ లాక్కుని కూర్చుంది. “సౌభాగ్యం మెట్లెక్కి వచ్చింది, వైద్యం అందినోళ్ళలో రాసుకున్నారు. నేను రాలేకపోయా, అందనోళ్ళలో రాసుకున్నారు. ఇప్పుడు వచ్చానుగా. రాసుకో అయ్యా మరి.”

పరాంకుశంగారి కనుబొమలు మెల్లగా పైకి లేచాయి. ఆయన గొప్పదనం అక్కడే ఉంది. తర్కం ఎటు నడిస్తే అటు నడిచే మనిషి, అది గోతిలోకి నడిచినా సరే.

“వచ్చినవారే చికిత్స అందినవారు,” అని తనలో తాను అనుకున్నారు. “ఈమె వచ్చినది. కనుక ఈమెకు చికిత్స అందినది. చికిత్స అందినది కనుక బాగుపడినది. ఇందులో దోషమేమున్నది?” కళ్ళు మిలమిలా మెరిశాయి. “ఎనభై అయిదుకు ఎనభై అయిదు!”

మెమో తీసి నాలుగు ముక్కలు చేశారు. నేను గట్టిగా ఊపిరి వదిలాను. అంత తొందరపడి ఉండకూడదు.

“కాకపోతే ఒక లోపం,” అన్నారు. “తోటికోడళ్ళిద్దరూ అందినవారైనారు. ఇప్పుడు వీరికి జోడీ ఎవరు? సున్నా పాయింటు అరవై రెండు ఎక్కడ దొరుకును?” గదంతా కలయజూసి నా మీద ఆగారు. “సువార్తమ్మగారూ, తమరికి మోకాలి నొప్పి ఉన్నదా?”

“ఉంది సార్,” అన్నాను, ఇరవై ఎనిమిదేళ్ళకి ఒక్కరైనా అడిగారు కదా అని.

“వయసు?”

“యాభై నాలుగు.”

“పిల్లలు?”

“ఇద్దరు.”

“పైకప్పు?”

“పెంకులు.”

“గేదెలు, దూడలతో సహా?”

“ఒకటే సార్...” అని ఆగాను. ఆయనే గుర్తుచేశారు, “దూడ నివాసం తమరి ఇంటనే కదా.”

“రెండు,” అన్నాను. మిగతా ప్రశ్నలూ గబగబా అడిగేశారు.

మీట నొక్కారు. సున్నా పాయింటు అరవై రెండు. లేచి నిలబడి నాకు నమస్కారం పెట్టారు. “ఒకే వ్యక్తిని ఇద్దరికి జోడీగా వాడుకొనుటకు పద్ధతి అనుమతిస్తుంది. నేటినుంచి తమరు తులనాత్మక సభ్యురాలు. లెక్క తేలేవరకు మోకాళ్ళను మెరుగుపరచుకొనరాదు.”

“సార్, నేను రోజూ ఈ మెట్లెక్కి వస్తూనే ఉన్నాను కదండీ! మెట్లెక్కి వచ్చినవాళ్ళే అందినవాళ్ళని ఇప్పుడే అన్నారు!”

“అది విధి నిర్వహణ. ఉద్యోగరీత్యా ఎక్కిన మెట్లు హాజరు కిందికి వస్తాయి, చికిత్స కిందికి రావు.” ఒప్పుకోలు పత్రం నా ముందుకి జరిపారు. ఇసక సంచి మాత్రం సాక్ష్యం అవసరం తీరిపోయిందని రవణమ్మ చేతిలో పెట్టారు, అందినవారి సామానని. ఆవిడ దాన్ని కొంగులో చుట్టుకుంది.

ఆ నెలాఖరుకే నివేదిక వచ్చింది. మేడ మీద నడిచే కేంద్రాలన్నిట్లో ఫలితాలు అద్భుతమట. ఎక్కడో రెండు ఊళ్ళల్లో తెలివితక్కువగా కింద పెట్టారట, అక్కడ మరీ చెడిపోయిన మోకాళ్ళు వచ్చిపడి ఫలితాలు పాడయ్యాయట. అందువల్ల రాష్ట్రమంతటా ‘మోకాలి మిత్ర’ మేడ మీదే నడపాలి, మేడ లేనిచోట మేడ కట్టాలి. మా డాక్టరుగారికి ప్రశంసాపత్రం, దాంతోపాటు బదిలీ. మా లిఫ్టు గదికి ఇంకో తాళం వచ్చింది.

బడి మాత్రం పన్నెండునే తెరిచారు. మధ్యాహ్నం నేను టీకాల పని మీద అటు వెళ్ళాను. వంటపాక ముందు పిల్లలు కంచాలు పట్టుకుని బారులు తీరారు. రవణమ్మ పొయ్యి ముందు గొంతుక్కూర్చుని పప్పు తిప్పుతోంది. కమిటీవాళ్ళు ఇద్దరు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. చూడనీ అన్నట్టు ఆవిడ రెండుసార్లు ఊరికే లేచి కూర్చుంది. కారం గిట్టని పిల్ల గిన్నె పక్కన వేరే పెట్టి ఉంది.

సాయంత్రం ఇంటికెళ్ళి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. దూడని పాలకి తోలుకెళ్ళి తేవాలి. లేవబోతే రెండు మోకాళ్ళూ కలిసి పలికాయి. ‘మెరుగుదలకు ప్రయత్నించనని ఇందుమూలముగా’ అని సంతకం పెట్టిన మనిషిని, ఎవరితో చెప్పుకుంటాను?

వీధి గుమ్మం తలుపు కిర్రుమంది. రవణమ్మ లోపలికి వచ్చింది. వెనకాలే సౌభాగ్యం, చేతిలో పొగలు కక్కుతున్న బిందె. దాన్ని అరుగు మీద దించి, వెళ్ళి వీధి గుమ్మంలో కాపలా కూర్చుంది.

“ఏంటిది?” అన్నాను.

“దోమల సర్వే,” అంది రవణమ్మ.

నా ముందు గొంతుక్కూర్చుని, కొంగులోంచి ఇసక సంచి తీసి, నా చీలమండకి కట్టింది. ముడి సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది.

“ఎత్తు సిస్టరమ్మా. నేను లెక్కపెడతా. ఆయనొచ్చి అడిగితే మాత్రం అట్టాగే ఉందని మూలుగు.” తలెత్తి నా మొహంలోకి చూసింది. “పెన్ను కింద పడినా తియ్యమాక.”